మన బోరు నీళ్ళలో ఏ ఉప్పు? మీంజూరు నుంచి బాపట్ల దాకా



ప్రతి ఎండాకాలం మన గ్రూపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా బోరు నీళ్ళు టీడీఎస్ 1,800 చూపిస్తోంది, మిద్దె మీద మొక్కలకి పోయవచ్చా?" పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు తాతల నాటి పొలం ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు అడిగేది ఇంకా పెద్ద ప్రశ్న. "ఈ నీళ్ళతో వరి వేయవచ్చా, లేక అమ్మేయవలసిందేనా?" కింద పదిమంది పది జవాబులు రాస్తారు. ఒకరు 500 దాటితే వద్దంటారు. ఇంకొకరు మా కొబ్బరి చెట్టు 2,000 నీళ్ళే తాగుతోంది, బ్రహ్మాండంగా కాస్తోంది అంటారు. ఇద్దరూ చూసిందే చెబుతున్నారు. టీడీఎస్ మీటరు నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో చెబుతుంది గాని, ఏ ఉప్పు ఉందో చెప్పదు. పంట బతుకు ఆ రెండో సంగతి మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఇది పరిశోధకులు గట్టిగా తెలుసుకోవడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఈ వారం ఆ చరిత్ర రాస్తున్నాము.

మేము రైల్వేలో గుమస్తా పని చేసినవాళ్ళం, శాస్త్రవేత్తలం కాము. చదువు తమిళ మీడియం. ద్రావణం అనే మాట మాకు తర్వాత వచ్చింది. బడిలో మేము నేర్చుకున్న మాట 'కరైసల్'. తెలుగులో మనం 'కరగడం' అంటాం చూడండి, దానికి తోబుట్టువు లాంటి మాట. ఉప్పు నేలకి తమిళ రైతు 'ఉవర్' అంటాడు, 'కళర్' అంటాడు. మన రైతు 'చౌడు' అంటాడు. తెల్లగా ఉప్పు పేరిన నేల వేరు, తడిస్తే జారుతూ, ఎండితే రాయిలా గట్టిపడే చౌడు నేల వేరు అని రెండు భాషల రైతులకీ ఏ లాబొరేటరీ చెప్పకముందే తెలుసు. సబ్బు లేని రోజుల్లో బట్టలు ఉతికింది ఆ చౌడు మన్నుతోనే. అందులో ఉన్నది సోడా.

ఉప్పుకి మన చెన్నైకి ఉన్న చుట్టరికం పాతదే. సెంట్రల్ స్టేషన్ వెనక వైపు సాల్ట్ కొటార్స్ అనే గూడ్స్ యార్డు రైల్వేవాళ్ళందరికీ తెలుసు. కొటార్స్ అంటే ఏదో ఇంగ్లీషు దొర పేరు అనుకునేవాళ్ళు చాలామంది. అది మన 'కొఠారు', అంటే గిడ్డంగి. ఉప్పు కొఠార్లు. ఉత్తరాన ఎన్నూరు వైపు ఉప్పు కయ్యల నుంచి కాలువ మీద పడవల్లో ఉప్పు నగరానికి వచ్చేది. ఆ కాలువ 1806లో కాక్రేన్ పేరుతో మొదలై, 1876-78 కరువులో కూలీల చేత పొడిగించబడి, అప్పటి గవర్నరు పేరున బకింగ్‌హాం కాలువ అయింది. ఆంధ్ర తీరాన్నీ తమిళ తీరాన్నీ కలిపిన నీటి దారి అది.

ఇంత ఉప్పు చుట్టూ ఉన్నా ఈ ఊరు తాగింది మంచి నీళ్ళే. 1772లో జార్జ్‌టౌన్ ఉత్తరాన కోటకి నీళ్ళ కోసం బావులు తవ్వారు. ఆ చోటుని ఇప్పటికీ 'ఏళు కిణరు' అంటారు, ఏడు బావులు. సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. మరి నీళ్ళు తియ్యగా ఎలా ఉన్నాయి? మన నెల్లూరు, చీరాల, బాపట్ల తీరం వాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు నిద్రలో అడిగినా చెబుతారు. వాళ్ళకి దొరువులు తెలుసు. ఇసుకలో లోతు లేని గుంట తవ్వితే వాన నీరు ఊరుతుంది. పైపైన తోడుకుంటే మంచి నీళ్ళు. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పు నీళ్ళు. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందుకే ఇసుక కింద మంచి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. దీనికి లెక్క కట్టింది యూరప్‌లో ఇద్దరు. హాలండ్‌లో గైబెన్ 1880ల చివర, జర్మనీలో హెర్జ్‌బర్గ్ 1901లో. సముద్ర మట్టం కన్నా బావి నీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, మట్టం కింద దాదాపు నలభై అడుగుల మంచి నీరు ఉంటుందని వాళ్ళ లెక్క. దాన్ని తిరగేసి చదవండి. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు నీరు నలభై అడుగులు పైకి వస్తుంది. మీంజూరులో జరిగింది ఇదే లెక్క.

గూడూరు లైనులో వెళ్ళేవాళ్ళు మీంజూరు, పొన్నేరి స్టేషన్లు చూసే ఉంటారు. ఆరణి, కొసస్థలై నదుల మధ్య ఆ నేల కింద మంచి ఇసుక పొరలు, నిండా నీరు. 1966-69లో ఐక్యరాజ్యసమితి సాయంతో అక్కడ భూగర్భ జలాల సర్వే జరిగింది. మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం చుట్టూ బోర్ల తోటలు వెలిశాయి. నగరానికి, మణలి ఫ్యాక్టరీలకు నీళ్ళు అక్కడి నుంచే. రైతులూ తోడారు, సర్కారూ తోడింది. 1969 నాటికే సముద్రపు నీరు నేల కింద తీరం నుంచి సుమారు 3 కిలోమీటర్లు లోపలికి వచ్చి ఉంది. 1980లలో అది 9 కిలోమీటర్ల దాకా చేరింది. పైన చూస్తే ఏమీ తెలియదు. అదే పొలం, అదే మోటరు. నీటి రుచే మారింది. 1987లో భూగర్భ జలాల మీద చట్టం వచ్చింది. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్ళు 1996లో తమిళనాడు సరిహద్దు దాటాయి. 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. అయినా 2019 జూలై 12న జోలార్‌పేట నుంచి 50 ట్యాంకు వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్ళు విల్లివాక్కం రావలసి వచ్చింది. సరుకు బండిలో తాగే నీళ్ళు రావడం రైల్వేవాళ్ళకి గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది.

అన్నిటికన్నా వింత ఇంకోటి. మంచి నీళ్ళు తోడి తోడి సముద్రాన్ని లోపలికి పిలిచిన అదే మీంజూరు పక్కన, 2010లో సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే ఫ్యాక్టరీ పెట్టారు. రోజుకి 10 కోట్ల లీటర్లు. నగరానికి దారి దొరికింది. కానీ ఫ్యాక్టరీ నీళ్ళతో ఎవరూ వరి పండించలేరు. రైతుకి మిగిలింది తన బావిలోని ఉప్పు నీళ్ళే. ఆ నీళ్ళు పంట ఎంత దాకా తట్టుకుంటుంది? ఇది తెలియాలంటే ఒకటే మార్గం. ఆ నీళ్ళ లాంటి నీళ్ళు లెక్క ప్రకారం తయారు చేసి, మొక్కకి పోసి చూడాలి. వినడానికి సులువే. వంటింటి ఉప్పు తెచ్చి నీళ్ళలో కలిపితే చాలదా?

చాలదు. ఎందుకు చాలదో తెలియడానికే ఆ రెండు వందల ఏళ్ళు.

లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా మొక్కల్ని మట్టి లేకుండా రకరకాల నీళ్ళలో పెంచి చూసి, ఆ సంగతి 1699లో ప్రకటించాడు. వాన నీళ్ళు, థేమ్స్ నది నీళ్ళు, హైడ్ పార్క్ కాలువ నీళ్ళు, తోట మట్టి కలిపిన నీళ్ళు. 77 రోజుల తర్వాత తూకం వేస్తే శుభ్రమైన వాన నీళ్ళలో మొక్క అన్నిటికన్నా తక్కువ పెరిగింది. మట్టి కలిపిన నీళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ. అంటే మొక్క తినేది నీళ్ళని కాదు, నీళ్ళలో కరిగిన దేన్నో. ఆ 'దేన్నో' తేల్చింది 1860లలో జర్మనీలో సాక్స్, క్నాప్ అనేవాళ్ళు. స్వచ్ఛమైన నీళ్ళలో కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం లవణాలు, కొంచెం ఇనుము, ఇలా తూచి కలిపి, మట్టే లేకుండా మొక్కల్ని పెంచి చూపించారు. అప్పటి నుంచి 'లవణాలు తూచి కలపడం' అనేది ఒక శాస్త్రం అయింది.

అసలు మలుపు మొక్కల దగ్గర రాలేదు, కప్ప గుండె దగ్గర వచ్చింది. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు 1882లో కప్ప గుండెని ఉప్పు నీళ్ళలో ఉంచి అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూశాడు. బాగా కొట్టుకుంది. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ నీళ్ళు బట్టీ పట్టిన శుద్ధ జలం కాదు, లండన్ కొళాయి నీళ్ళు. నిజంగా శుద్ధ జలంతో ఉప్పు నీళ్ళు చేసి పోస్తే గుండె ఆగిపోసాగింది. కొళాయి నీళ్ళలో కంటికి కనపడకుండా ఉన్న కాల్షియమే గుండెని నడిపింది. 1883లో రింగర్ ఆ సంగతి ప్రకటించాడు. మనలో ఆసుపత్రిలో పడుకున్న ప్రతివాళ్ళకీ ఎక్కించే 'ఆర్ఎల్' సీసా ఉంది కదా, అందులో ఆర్ అంటే ఈ రింగరే. అందులో సోడియంతో పాటు పొటాషియం, కాల్షియం కూడా ఉంటాయి.

1900 ప్రాంతంలో జాక్ లోబ్ అనే ఆయన సముద్రపు చేప గుడ్లతో ఇదే చూశాడు. ఒట్టి సోడియం క్లోరైడ్ నీళ్ళలో గుడ్లు చచ్చాయి. రవ్వంత కాల్షియం కలిపితే బతికాయి. 1902లో అమెరికా వ్యవసాయ శాఖలో కీర్నీ, కామెరాన్ ఇద్దరూ మొక్కల వేర్ల మీద పరీక్షించారు. ఒక్కొక్క ఉప్పు విడిగా ఇస్తే చాలా కొద్ది మోతాదుకే వేరు చచ్చిపోయింది. అదే ఉప్పుకి కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, తోడు చేస్తే ఎన్నో రెట్లు ఎక్కువ ఉప్పుని తట్టుకుంది. ఒంటరి ఉప్పు విషం, తోడున్న ఉప్పు ఓర్చుకోదగ్గది. వేరు పైపొరని గట్టిగా పట్టి ఉంచేది కాల్షియం. అది తగ్గితే సోడియం సందు చూసుకుని లోపలికి దూరుతుంది, పొటాషియం బయటికి కారుతుంది.

దీనికి తోడు ఇంకో దెబ్బ ఉంది. అది మన ఆవకాయ జాడీ చెబుతుంది. మామిడి ముక్కకి ఉప్పు పట్టిస్తే ముక్కలోని నీరు బయటికి ఊరుతుంది కదా. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే అదే పని. నేల తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో వాడిపోతుంది. ఈ దెబ్బకి ఏ ఉప్పు అన్నది అంత ముఖ్యం కాదు, ఎంత ఉప్పు అన్నదే ముఖ్యం. టీడీఎస్ మీటరు కొలిచేది ఈ దెబ్బనే. ముందు చెప్పిన విషం దెబ్బ దానికి తెలియదు.

మూడో దెబ్బ మొక్కకి కాదు, మట్టికి. 1850లో ఇంగ్లండ్‌లో థాంప్సన్, వే అనే ఇద్దరు మట్టి గుండా లవణ జలం పోసి చూశారు. పోసిన లవణం మట్టిలో ఆగిపోయింది, దానికి బదులు కాల్షియం కిందికి దిగింది. బంకమట్టి ఒక వడ్డీ వ్యాపారి లాంటిది, ఒకటి తీసుకుని ఇంకొకటి ఇస్తుంది. సోడియం నీళ్ళు పోస్తూ పోతే మట్టి సోడియం పట్టుకుని కాల్షియం వదిలేస్తుంది. సోడియం పట్టిన బంకమట్టి వాన పడగానే విడిపోయి పేస్టులా అవుతుంది, ఎండితే గచ్చులా అవుతుంది. అదే చౌడు. ఉప్పు నీళ్ళు పోస్తున్నంత కాలం బాగానే కనపడి, వానాకాలం మంచి నీళ్ళు పడ్డాకే నేల బిగుసుకుపోవడం చాలామంది రైతులు చూసిన వింత. ఆ వింతకి కారణం ఇది.

ఇవన్నీ కలిపి ఒక లెక్కకి తెచ్చింది అమెరికాలో రివర్‌సైడ్ అనే ఊరిలో 1937లో పెట్టిన లవణ పరిశోధనశాల. 1954లో వాళ్ళు వేసిన 60వ నంబరు చేతిపుస్తకం ఇప్పటికీ ఈ రంగంలో పెద్ద బాలశిక్ష లాంటిది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఈసీ, నీళ్ళ గుండా కరెంటు ఎంత పారుతుందో. ఉప్పు ఎంతో అది చెబుతుంది. రెండోది ఎస్ఏఆర్, కాల్షియం మెగ్నీషియంతో పోలిస్తే సోడియం పెత్తనం ఎంతో అది చెబుతుంది. పరీక్షకి నీళ్ళు తయారు చేసేవాళ్ళు ఈ రెండు అంకెలూ ముందు పెట్టుకుని వెనక్కి లెక్క కడతారు.

ఆ లెక్క గుమస్తాలకి బాగా నచ్చే లెక్క, అందుకని కొంచెం వివరంగా. అక్కడ గ్రాముల్లో కూడరు, మిల్లీ ఈక్వివలెంట్లలో కూడతారు. జమా ఖర్చు పుస్తకం లాగా ఒక పక్క సోడియం, కాల్షియం, మెగ్నీషియం, రెండో పక్క క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్. రెండు పక్కలూ సరిపోవాలి. ఈసీ 4 ఉన్న నీళ్ళు కావాలంటే లీటరుకి ఒక్కో పక్క సుమారు 40 ఉండాలి. ఇందులో సోడియం 26, కాల్షియం 5, మెగ్నీషియం 9 అనుకుందాం. కాల్షియం మెగ్నీషియం కలిపి 14, సగం 7, దాని వర్గమూలం 2.65. 26ని దానితో భాగిస్తే ఎస్ఏఆర్ దాదాపు 10. దీనికి లీటరు శుద్ధ జలంలో సోడియం క్లోరైడ్ 1.52 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 0.37, మెగ్నీషియం సల్ఫేట్ 1.11 గ్రాములు కలపాలి. రెండో పక్క క్లోరైడ్ 31, సల్ఫేట్ 9, మొత్తం 40. పుస్తకం సరిపోయింది.

ఇప్పుడు అదే 40లో సోడియం 36 పెట్టి, మిగతా రెంటికీ కలిపి 4 మాత్రమే ఇవ్వండి. మీటరు మీద అంకె దాదాపు అంతే వస్తుంది. ఎస్ఏఆర్ మాత్రం 25 దాటుతుంది. మొదటి నీళ్ళతో జాగ్రత్తగా సేద్యం చేయవచ్చు. రెండో నీళ్ళు బంక నేలని కొన్నేళ్ళలో పాడు చేస్తాయి. గ్రూపులో ఇద్దరు ఒకే టీడీఎస్ చెప్పి రెండు రకాల అనుభవం చెప్పడానికి ఒక కారణం ఇక్కడ ఉంది.

తూకంలోనూ తమాషాలు ఉన్నాయి. వ్యాగన్ తూకంలో ఖాళీ వ్యాగన్ బరువు, టేర్, తీసేయకపోతే సరుకు లెక్క తప్పుతుంది కదా. మెగ్నీషియం సల్ఫేట్, మన భేది ఉప్పు, స్ఫటికంలో సగం బరువు నీళ్ళే. వంద గ్రాములు తూస్తే 51 గ్రాములు నీళ్ళు. మీద చెప్పిన 1.11 గ్రాములు ఆ నీళ్ళతో కలిపిన బరువే, కాల్షియం క్లోరైడ్ కూడా అంతే. పైగా కాల్షియం క్లోరైడ్ సీసా మూత తీసి పెడితే గాలిలో తేమ లాగి కారిపోతుంది, తూకం నమ్మలేం. అందుకే చిక్కటి ద్రావణం చేసి ఉంచుకుని, కొలిచి కలుపుతారు. సోడా ఉప్పు చిక్కటి ద్రావణాన్నీ కాల్షియం చిక్కటి ద్రావణాన్నీ ఒకే గిన్నెలో పోయకూడదు. తెల్లటి సున్నం విరిగి అడుక్కి దిగుతుంది, లెక్క పోతుంది. విడివిడిగా పల్చన చేశాకే కలపాలి. కొళాయి నీళ్ళు అసలు వాడకూడదు. రింగర్ కథ గుర్తుందిగా. లేత మొలకకి ఒక్కసారిగా పూర్తి ఉప్పు పోయకుండా రోజు రోజుకి పెంచుకుంటూ పోతారు.

సరే, ఇంత బాధ ఎందుకు, సముద్రపు నీళ్ళే తెచ్చి మంచి నీళ్ళతో కలిపితే మీంజూరు బావి నీళ్ళు అయిపోవా అని అడగవచ్చు. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు, అందులో మిల్లీ ఈక్వివలెంట్ల లెక్కన కాల్షియం కన్నా మెగ్నీషియం అయిదు రెట్లు. ఆ నీరు నేల కింద కిలోమీటర్లు నడిచి వచ్చేటప్పుడు దారిలో బంకమట్టి తన వ్యాపారం చేస్తుంది. సోడియం కొంత పట్టుకుని కాల్షియం వదులుతుంది. కాబట్టి ఉప్పు నీరు కొత్తగా ముంచుకొస్తున్న చోట బావిలో కాల్షియం ఎక్కువ కనపడుతుంది. తర్వాత మంచి నీరు తిరిగి వచ్చి కడిగే చోట అదే మట్టి సోడియం వదులుతుంది, నీళ్ళు సోడా నీళ్ళవుతాయి. ఉప్పు దిగిపోయిందని రైతు సంతోషించే సమయంలో ఎస్ఏఆర్ ఎక్కుతూ ఉండవచ్చు. ఒకే ఊరు, పక్కపక్క బావులు, రెండు రకాల నీళ్ళు. ఏ బావి నీళ్ళకి పరీక్షో ఆ బావి కలయికనే తయారు చేసుకోవాలి.

ఈ విషయంలో మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ ఊరు బాపట్ల. అక్కడ వ్యవసాయ కళాశాల 1945లోనే మొదలైంది. దేశంలో చౌడు నేలల పరిశోధన సంస్థ కర్నాల్‌లో 1969లో వచ్చింది. నాలుగో పంచవర్ష ప్రణాళికలో, అంటే 1969-74 కాలంలో, సేద్యానికి ఉప్పు నీళ్ళ వాడకం మీద అఖిల భారత పథకం పెట్టినప్పుడు మొదటి నాలుగు కేంద్రాల్లో బాపట్ల ఒకటి. మిగతావి ఆగ్రా, ధార్వాడ, నాగపూర్. తీర ప్రాంతం బాపట్ల వంతు. వాళ్ళు పాత దొరువునే కొత్తగా మలిచారు. లోతుకి పోకుండా, నీటి మట్టానికి కాస్త కింద చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైన తేలే మంచి నీళ్ళు మాత్రం ఒక బావిలోకి జారేలా చేశారు. పాలమీద మీగడ తీసినట్టు. తాతల తెలివిని పారేయకుండా దానికి ఇంజనీరింగ్ తొడిగిన పని అది. మచిలీపట్నం పరిశోధన స్థానం ఉప్పుని ఓర్చుకునే వరి రకాలు తెచ్చింది. తమిళనాడులో తిరుచ్చి నుంచి ట్రై పేరున్న వరి రకాలు వచ్చాయి. మన తరమణిలో స్వామినాథన్ గారు 1988లో పెట్టిన సంస్థలో మడ చెట్ల జన్యువుని వరిలోకి తేవడం మీద పని జరిగింది.

ఏ పంట ఎంత ఓరుస్తుందో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు పట్టిక వేశారు. నేలలోని తేమకి ఈసీ లెక్కలో బార్లీ 8, పత్తి 7.7, వేరుశనగ 3.2, వరి 3, టమాటా 2.5, చెరకు 1.7, మిరప 1.5, ఉల్లి 1.2, చిక్కుడు 1 దాకా దిగుబడి తగ్గదు. ఆ పైన తగ్గుతూ పోతుంది. రెండు జాగ్రత్తలు. ఇది నేలలోని అంకె, మీటరులోని అంకె కాదు. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది కాబట్టి, ఎంతో కొంత నీరు కిందికి ఇంకిపోయే పొలంలో కూడా నేల ఈసీ పోసిన నీటికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. వరికి నేలలో 3 అంటే నీళ్ళలో 2 మాత్రమే. రెండోది, ఆ పట్టిక వెనక ఉన్న పరీక్షలు చాలావరకు సోడియంతో కాల్షియం కూడా కలిపిన నీళ్ళతో చేసినవి. కాల్షియం లేని నీళ్ళకి ఆ పట్టిక హామీ ఇవ్వదు.

1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచినప్పుడూ, 2004 డిసెంబరులో సునామీ నాగపట్నం పొలాల్లోకి వచ్చినప్పుడూ సముద్రం పైనుంచి వచ్చింది. వానలు కడిగితే చాలావరకు పోతుంది, అవసరమైన చోట జిప్సం వేస్తే నేల తిరిగి విచ్చుకుంటుంది. మీంజూరులో సముద్రం కింద నుంచి వచ్చింది. దాన్ని వెనక్కి నెట్టాలంటే తోడటం తగ్గాలి, వాన నీరు ఇంకాలి, ఏళ్ళు పట్టాలి. అందుకే ఆ వైపు పొలాలున్న మన సభ్యుల ప్రశ్నకి గ్రూపులో ఒక్క అంకె చూసి జవాబు చెప్పడం న్యాయం కాదు అంటున్నాము. మూడు తరాలు పండించిన నేల అమ్మాలా వద్దా అన్నది అయిదు వందల రూపాయల మీటరు తేల్చకూడదు.

మన ఇళ్ళకి సంబంధించి రెండు మాటలు. మొదటిది పప్పు సంగతి. ఈ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కొన్ని బోర్ల నీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుంది, ఆహా మంచి నీళ్ళు అనుకుంటాం. అది సోడా నీళ్ళ గుణం కావచ్చు. వంటకి మంచిది మట్టికి మంచిది కాకపోవచ్చు. రెండోది సాఫ్ట్‌నర్. చాలా ఫ్లాట్లలో ఉప్పు మూటలు పోసి నడిపే ఆ యంత్రం చేసేది 1850 నాటి ఆ మట్టి వ్యాపారమే. కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. స్నానానికి, మోటరు పైపులకి హాయి. మొక్కలకి మాత్రం ఆ నీళ్ళు వద్దు. సాఫ్ట్‌నర్‌కి ముందే ఒక కొళాయి తోటకి విడిగా పెట్టించుకోండి.

నీళ్ళు పరీక్షకి ఇచ్చేటప్పుడు టీడీఎస్ ఒక్కటే అడగవద్దు. ఈసీ, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, ఈ ఆరూ అడగండి. ఎస్ఏఆర్ ఆ కాగితం మీదనుంచే లెక్క కట్టవచ్చు, పైన చెప్పిన భాగహారమే. వాన తర్వాత ఒకసారి, మే నెలలో ఒకసారి, రెండు కాగితాలు తేదీ వేసి దాచిపెట్టండి. అయిదేళ్ళ కాగితాలు పక్కపక్కన పెడితే మీ బావి కింద సముద్రం ముందుకొస్తోందా వెనక్కి పోతోందా కనపడుతుంది. పొన్నేరి, గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు బావులున్న సభ్యులు తమ కాగితాలు సంఘానికి పంపితే, ఊరి వారీగా ఒక పట్టిక వేసి పెట్టే పని మేము చేస్తాము. రిటైర్ అయినా ఆ పని చేతిలోనే ఉంది.

మీ ఊళ్ళో పాత దొరువులు, ఏడు బావుల లాంటి తీర బావులు ఎక్కడున్నాయో, ఇప్పుడు వాటి నీళ్ళ రుచి ఎలా ఉందో కింద రాయండి. పెద్దవాళ్ళని అడిగి రాస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు, రైల్వే రిటైర్డ్ గుమస్తా, చెన్నై